బిగువమ్మ కట్టిన పూస

ఆమెకు అసలు పేరు ఒకటి ఉండేది. దానితో ఎవరైనా పిలిస్తే వెనక్కి తిరిగి, "ఎవర్నీ?" అని అడిగేది. రేవులో పడవవాళ్ళకూ, చేపలమ్మేవాళ్ళకూ ఆమె బిగువమ్మ.

వలకు పైతాడని, అడుగుతాడని రెండుంటాయి. పైతాడుకు తేలే బెండ్లు కడతారు, అడుగుతాడుకు మునిగే సీసం పూసలు కడతారు. పూసలు వదులైతే వల ఒకపక్కకు ఒరిగిపోతుంది, చేపలు దాని కిందనుంచి దర్జాగా వెళ్ళిపోతాయి. బిగువమ్మ కట్టిన పూస తాడు తెగినా జారదని పేరు. అందులో పెద్ద రహస్యమేమీ లేదు. సీసం పూసకు పొట్ట చీలి ఉంటుంది. తాడును ఆ చీలికలో దూర్చి, సుత్తితో చిన్న దెబ్బ వేసి, ఆఖరి నొక్కు మాత్రం పంటితో నొక్కేది. "సుత్తికి కళ్ళుండవు, పటకారకు ఒళ్ళు తెలియదు. ఎక్కడ ఆగాలో పన్నుకే తెలుసు" అనేది. వాళ్ళమ్మ అలాగే నొక్కింది. లంగా జాకెట్టు వేసుకునే వయసు నుంచి ఈమె కూడా అలాగే నొక్కింది. మొగుడు పోయాక కొడుకును పెంచి పెద్దచేసింది ఆ పళ్ళతోనే. పంటి బిగువున బతకడమనేది లోకానికి ఒక మాట. ఆమెకది ఉద్యోగం.

అప్పుడప్పుడు కడుపులో మెలిపెట్టేది. ఈమధ్య కుడి మణికట్టు పట్టు తప్పి, చేతిలోని సుత్తి జారిపోయేది. పై చిగుళ్ళ వెంట నీలంగా సన్నటి గీత ఒకటి ఉండేది. వయసు మీదపడితే ఇవన్నీ ఉంటాయనుకుని ఊరుకునేది. డాక్టర్లంటే ఆమెకు భయం లేదు, పని మాత్రం లేదు.

కొడుకు ఐసు ఫ్యాక్టరీలో చేసేవాడు. కోడలు సబ్బుల ఫ్యాక్టరీలో ప్యాకింగు. ఇద్దరూ తెల్లారగానే వెళ్ళిపోతే, వాళ్ళ రెండేళ్ళ కూతురు చిట్టి బిగువమ్మ చేతుల్లో పెరిగింది. పెరట్లో రేకుల పంచ కింద ఆమె వల కడుతుంటే, వంటింటి గడపలో కూర్చుని ఆ పిల్ల కబుర్లు చెప్పేది. ఏడాదిన్నరకే వసపిట్ట. "మామ్మ", "నీల్లు", "నాది", "పో", ఇంకా ఎవరికీ అర్థంకాని ఉపన్యాసాలు. ఇంట్లో ఏ వస్తువు ముట్టుకున్నా "నాది" అనేది. మామ్మ ముక్కు కూడా నాదే అంది ఒకసారి.

అలాంటి పిల్ల మాట తగ్గించింది. ముందు ఉపన్యాసాలు పోయాయి. తర్వాత ఒక్కో మాటా పోయింది. అన్నం ముందు కూర్చుంటే ముఖం తిప్పుకునేది, కడుపు పట్టుకుని ఏడ్చేది, పాలిపోయింది. నులిపురుగులేమో అనుకుని కోడలు ఆసుపత్రికి తీసుకెళ్ళింది. రక్తం తీశారు. ఇంకోసారి తీశారు. ఇంట్లో పెద్దవాళ్ళందరూ రావాలని కబురు పంపారు. ఆ కబురుతోనే బిగువమ్మ గుండెల్లో రాయి పడింది.

డాక్టరమ్మ చిన్నమనిషే గానీ తొందర లేని మనిషి. కాగితం పక్కనపెట్టి ముగ్గురి ముఖాలూ చూసింది.

"పాప రక్తంలో సీసం ఉంది. చాలా ఉంది. అసలు ఒంట్లో కొంచెం కూడా ఉండకూడని సరుకది."

"సీసమా? మా వలకు కట్టే సీసమా?" అంది బిగువమ్మ.

"మీరు సీసంతో పనిచేస్తారా అమ్మా?"

"అదేం ప్రశ్నమ్మా, ఊరంతా నా పూసలే కడతారు. ఇన్నేళ్ళు నోట్లో పెట్టుకున్నాను. నేను చచ్చానా?"

డాక్టరమ్మ లేచి వచ్చి, ఆమె పెదవి పైకెత్తి చిగుళ్ళు చూసింది. మణికట్టు పట్టుకుని చూసింది. "మీ రక్తం కూడా తీస్తాను. మీకేమైందో తర్వాత మాట్లాడదాం. పెద్దవాళ్ళ ఒంట్లోకి పోయేదానికంటే పిల్లల ఒంట్లోకి ఎన్నో రెట్లు ఎక్కువ ఇంకుతుంది. వాళ్ళ మెదడు ఇప్పుడిప్పుడే తయారవుతోంది, దెబ్బ అక్కడ తగులుతుంది."

కోడలు ముందుకు వంగి అడిగింది. "మందేమైనా..."

"ఇంకా పెరిగితే ఆసుపత్రిలో పెట్టి ఇచ్చే మందుంది. అది తేలికైంది కాదు. ఇప్పటికి మందల్లా ఒకటే. ఎక్కడినుంచి లోపలికి పోతోందో కనిపెట్టి ఆపాలి. ఆపితే ఒళ్ళు మెల్లగా బయటికి నెడుతుంది. ఆపకపోతే నేనేం ఇచ్చినా దండగే."

"పోయిన మాటలు వస్తాయా డాక్టరుగారూ?"

డాక్టరమ్మ కాగితం మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "ఎంత తొందరగా ఆపితే అంత మంచిది" అంది. ఆ మాటలో "అవును" లేదని ముగ్గురికీ అర్థమైంది.

తర్వాత ఆసుపత్రి నుంచి ఒక నర్సమ్మ ఇంటికి వచ్చింది. చెప్పులు బయట విడిచి, బొంగరంలా ఇల్లంతా తిరిగింది. కిటికీ చెక్కల మీద పెచ్చులూడుతున్న పాత రంగు చూసి తల ఊపింది. పాత రంగుల్లో సీసం ఉంటుంది, పొడిగా గీకొద్దు, తడిగుడ్డతో తుడిచి పైన కొత్త రంగు వేయించండి అంది. చిట్టికి పెట్టే కాటుక డబ్బా మీద ఏ వివరమూ లేకపోతే పారేయమంది. సంతలో విడిగా కొన్న పసుపు మరీ మెరుస్తుంటే రంగు కల్తీ అయ్యుండొచ్చని, నమ్మకమైన చోట కొనమంది. పొద్దున్నే కొళాయి తిప్పగానే వచ్చే నీళ్ళు తాగకుండా కాసేపు వదిలెయ్యమంది. అన్నీ చెప్పి, పెరట్లోకి వచ్చి ఆగిపోయింది.

పంచ కింద సీసం దిమ్మలు, పోత పోసే అచ్చులు, నల్లబడ్డ మూకుడు ఉన్నాయి. మూకుడులోంచి చెంచా బయటికి తీసి, "ఇది వంటింటిదా?" అంది.

"కడిగే వాడతాం" అంది బిగువమ్మ పౌరుషంగా.

నర్సమ్మ కోప్పడలేదు. కోప్పడితే బిగువమ్మకు కొంత బాగుండేది, ఎదురు తిరగడానికి వీలుండేది. ఆమె నింపాదిగా చెప్పుకుపోయింది. సీసం కరిగేటప్పుడు లేచే పొగ, పొడిచీపురుతో ఊడిస్తే లేచే దుమ్ము, పనిచీర కొంగుతో పిల్ల మూతి తుడవడం, చేతులు కడుక్కోకుండా ముద్ద కలపడం, ఇవన్నీ దారులే. పని ఇంటినుంచి తీసెయ్యాలి. స్నానం చేసి, చీర మార్చుకునే పిల్లను ముట్టుకోవాలి. ఆ చీర విడిగా ఉతకాలి. నేల తడిగుడ్డతో తుడవాలి. పిల్లకు పాలు, గుడ్డు, ఆకుకూరలు వేళకు పెట్టాలి, కడుపు ఖాళీగా ఉంటే సీసం ఇంకా ఎక్కువ ఇంకుతుంది. పూసలు పంటితో నొక్కడం ఈ క్షణం నుంచి మానెయ్యాలి.

"ఇంకెక్కడైనా సీసం ఉందా అమ్మా ఇంట్లో? బాగా ఆలోచించి చెప్పండి."

"ఇంకెక్కడుంటుంది? ఉన్నదంతా మీ కళ్ళముందే ఉంది" అంది బిగువమ్మ. ఆమె అబద్ధం చెప్పలేదు. నిజంగానే అలా అనుకుంది.

ఒకటి ఒప్పుకోవాలి. మొండిమనిషే గానీ, పిల్ల విషయంలో బిగువమ్మ మాట తప్పలేదు. దిమ్మలూ అచ్చులూ మూకుడూ రేవు చివర పాత షెడ్డుకు చేరాయి. పెరటి మట్టి పైపొర తీయించి, మీద కొత్త మట్టి పోయించింది. పటకార కొనుక్కుంది. దానితో నొక్కిన మొదటి వల చూసి పడవవాళ్ళు, "బిగువమ్మకు బిగువు తగ్గిందే" అని వేళాకోళమాడితే విని ఊరుకుంది. రేవులోనే స్నానం చేసి, తడిజుట్టుతో ఇంటికి వచ్చేది. వచ్చినా కోడలు పిల్లను ఇచ్చేది కాదు.

"చేతులు కడుక్కున్నారా అత్తయ్యా?"

"కడుక్కున్నానమ్మా."

"గోళ్ళు?"

గోళ్ళు చూపించేది. కొడుకును కన్న మనిషి, చిన్నపిల్లలా కోడలికి గోళ్ళు చూపించి నిలబడేది. కొడుకు పరిస్థితి మద్దెల పరిస్థితి, రెండువైపులా వాయింపులే. వాడు భోజనం ముగించి బయట అరుగు మీద కూర్చునేవాడు.

మళ్ళీ రక్తం తీశారు. తగ్గలేదు. కొంచెం పెరిగింది.

ఆ రోజు ఇంట్లో అరుపులు లేవు, అదే భయం. కోడలు సంచి సర్దింది. పిల్ల బట్టలు, పాలగ్లాసు, మంచం మీది దోమతెర. ఆ దోమతెర చిట్టి పుట్టకముందే బిగువమ్మ కుట్టింది. ఎంత గాలి వచ్చినా అంచు లేవదు, ఒక్క దోమ దూరదు. అది లేకుండా పిల్ల నిద్రపోదు.

"మా అక్క ఇంట్లో ఉంటాను. ఈ ఇంట్లో గోడల్లోనే ఉంది సీసం. మీ ఒంట్లో ఉంది అత్తయ్యా. మీరు ఊపిరి పీల్చి వదిలినా వస్తుందేమో" అంది కోడలు.

పుండు మీద కారం చల్లినట్టయింది బిగువమ్మకు. చిట్టి తల్లి భుజం మీదనుంచి ఆమెను చూసింది. మునుపైతే "మామ్మ" అని చెయ్యి చాచేది. ఇప్పుడు చెయ్యి చాచింది, మాట రాలేదు. రిక్షా మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి చాచే ఉంది.

తర్వాత రోజుల్లో బిగువమ్మ రేవుకు వెళ్ళలేదు. తన ఊపిరి నిజంగానే విషమేమోనని కిటికీలు తెరిచి కూర్చుంది. తుడిచిన నేలే మళ్ళీ తుడిచింది. పిల్ల బాగుపడితే చాలు, నేను దాన్ని జన్మలో ముట్టుకోకపోయినా ఫరవాలేదని తనలో తాను బేరం పెట్టుకుంది. ఆ బేరం కూడా ఆమెను పొడుస్తూనే ఉంది.

ఒక ఆదివారం కొడుకు పిల్లను చూసి వచ్చి, చొక్కా విప్పకుండానే కూలబడ్డాడు.

"మళ్ళీ పెరిగిందమ్మా. అక్కడున్నా పెరిగింది. ముందుకంటే ఎక్కువ. ఇలాగే ఉంటే ఆసుపత్రిలో పడుకోబెట్టి ఆ మందు ఇవ్వాల్సిందే అంటున్నారు."

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, జరిగింది జరిగినట్టు చెప్పాలి. ఆ మాట వినగానే బిగువమ్మకు మొదట కలిగింది దిగులు కాదు. అమ్మయ్య, నేను కాదు! నా పూసలు కాదు, నా పంచ కాదు, నా ఊపిరి కాదు. ఆ తర్వాతే గుండె గుభేలుమంది. మరి ఏది? ఏది తింటోంది పిల్లను?

చీర మార్చుకుని, చేతులు మోచేతులదాకా తోముకుని, తల ఎత్తుకుని కోడలి అక్కగారింటికి బయలుదేరింది.

ఆ ఇల్లు చిన్నదే, శుభ్రమైనది. కానీ ఆ రోజు దొంగలు పడ్డట్టుంది. బొమ్మలన్నీ ఒక గోనెసంచిలో కట్టి వాకిట్లో పెట్టారు. మెరుపు పూత పూసిన పింగాణీ గిన్నెలు అటక ఎక్కాయి. కోడలు వంటింట్లో మసాలా డబ్బాలు నేలమీద పరుచుకుని వాటి మధ్య కూర్చుని ఉంది. అత్తగారిని చూడగానే ముఖం చేతుల్లో దాచుకుంది.

"ఏది అత్తయ్యా? ఇంకేది పారెయ్యమంటారు? గోడలకు కొత్త రంగే ఉంది, నర్సమ్మ చూసింది. నీళ్ళు చూసింది. మా అక్క పిల్లలకు పరీక్ష చేస్తే వాళ్ళకేమీ లేదు. దీనికొక్కదానికే."

"పిల్లేది?"

"లోపల పడుకుంది. నోట్లో ఏం పెట్టుకుంటుందో గమనించమన్నారు. పొద్దున్నుంచి దాని వెనకే తిరిగాను. ఏమీ పెట్టుకోలేదు."

బిగువమ్మ గది గుమ్మం దగ్గర ఆగింది. మధ్యాహ్నపు వెలుతురు కిటికీలోంచి మంచం మీద పడుతోంది. దోమతెర నిటారుగా వేలాడుతోంది, అంచు పరుపుకు అంటుకుని ఉంది. తెర లోపల చిట్టి పక్కకు తిరిగి, ముఖం అంచుకు ఆనించి నిద్రపోతోంది. మెడ దగ్గర చిన్నగా కదలిక. నిద్రలో పాలు తాగుతున్నట్టు పెదవులు ఆడుతున్నాయి. బిగువమ్మ వంగి చూసింది.

దోమతెర అంచు పిల్ల నోట్లో ఉంది.

ఒక్క ఉదుటున అంచు బయటికి లాగింది. చిట్టి మూలిగి అటు తిరిగి పడుకుంది. బిగువమ్మ చేతిలో అంచు తడిగా ఉంది. పీల్చి పీల్చి ఆ మూల గుడ్డ పలచబడి చిరిగింది. చిరుగులోంచి బూడిదరంగు గింజ ఒకటి తొంగిచూస్తోంది. పిల్ల కింది పెదవి మీద అదే రంగు సన్నగా అంటి ఉంది.

తను కట్టిన పూస తను గుర్తుపట్టదా? గాలికి తెర లేవకూడదని, దోమ దూరకూడదని, అంచు మడతలో వరసగా వరిగింజలంత సీసం పూసలు తనే కుట్టింది. పిల్ల పరుపు కదా అని ఒక్కొక్కటీ జాగ్రత్తగా పంటితో నొక్కింది. వల అయితే సీసం అని గుర్తుండేది. ఇది మనవరాలి కోసం కుట్టిన తెర, దీన్ని ఆమె ఏనాడూ సీసం లెక్కలో చూడలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, అందరూ కలిసి ఆ తెరను మడతపెట్టి, ఇల్లు మారి, ఇక్కడా పిల్ల చుట్టూ కట్టారు. మామ్మ ఒడి దూరమయ్యాక, ఆ పిల్ల దిగులుకొద్దీ మామ్మ కుట్టిన అంచును మరింత పీల్చింది.

బిగువమ్మ మంచం కోడు పట్టుకుని నేలమీద కూర్చుంది.

వంటింట్లో డబ్బాల చప్పుడు వినిపిస్తోంది. ఇక్కడ ఎవరూ లేరు. తెర ఉతకాలని చెప్పి చంకన పెట్టుకుపోతే సరిపోతుంది. పూసలు విప్పి రేవులో పడేస్తే, మరో తెర కొనిస్తే, పిల్ల బాగుపడుతుంది. ఏది తగ్గించిందో ఎవరికీ తెలియదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. కోడలి దగ్గర మళ్ళీ గోళ్ళు చూపించే రోజు రాకుండా పోతుంది. ఈ ఆలోచనంతా ఎంతసేపో పట్టలేదు, కానీ వచ్చింది. రాలేదంటే నమ్మకండి.

అడుగుల చప్పుడైంది. కోడలు మంచినీళ్ళ గ్లాసుతో వచ్చి పక్కన కూర్చుంది.

"అత్తయ్యా, ఆ రోజు నోటికొచ్చినట్టు అన్నాను. మీ ఒంట్లో ఉందన్నాను. మనసులో పెట్టుకోకండి. మీరు కాదని ఇప్పుడు తెలిసింది కదా."

బిగువమ్మ గ్లాసు అందుకోలేదు. ఇన్నేళ్ళూ ఎక్కడ ఆగాలో తెలుసన్న ఆ పళ్ళు ఇప్పుడు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి.

"నేనే అమ్మాయ్" అంది.

కోడలికి అర్థం కాలేదు.

"ఇటు చూడు. ఈ అంచులో ఉన్నవి సీసం పూసలు. నేనే కుట్టాను. పిల్ల నిద్రలో దీన్ని చీకుతోంది. నర్సమ్మ అడిగిన రోజున నాకు తట్టలేదు. ఒట్టు, తట్టలేదు. ఇప్పుడు తట్టింది."

కోడలు వేళ్ళతో అంచు తడిమింది, ఒక చివరనుంచి ఇంకో చివరదాకా. "చిన్న రాళ్ళనుకున్నాను" అంది మెల్లగా. "ఉతికేటప్పుడు చేతికి తగిలేవి. మా అత్తగారు ఎంత దిట్టంగా కుట్టిందో అనుకునేదాన్ని." ఆమె ముఖం తెల్లగా పాలిపోయింది. అరుస్తుందని బిగువమ్మ ఎదురుచూసింది. అరిచినా పడాలనుకుంది. కోడలు లేచి వెళ్ళి తడిగుడ్డ తెచ్చి, నిద్రపోతున్న పిల్ల పెదవులు తుడిచింది. వేళ్ళు తుడిచింది. మళ్ళీ వెళ్ళి కత్తెర తెచ్చి అత్తగారి ముందు పెట్టింది.

బిగువమ్మ కత్తెర తీసుకుంది. మణికట్టు నిలవలేదు, అంచు తెగలేదు. పాత అలవాటు కొద్దీ ఆమె తల కుట్టు వైపు వంగింది, నోరు తెరుచుకుంది.

"అత్తయ్యా!"

ఆ కేకకు బిగువమ్మ ఉలిక్కిపడి నోరు మూసుకుంది. కోడలు ఆమె చేతిలోంచి కత్తెర తీసుకుంది. "మీరు బిగించి పట్టుకోండి, నేను కోస్తాను. పూసలు కింద పడకూడదు, పాత గుడ్డ పరుస్తాను." ఇద్దరూ మంచం పక్కన గొంతుకూర్చుని, ఒకరు పట్టుకుని ఒకరు కోస్తూ పోయారు.

సగం కోశాక చిట్టి లేచింది. చెయ్యి అలవాటుగా అంచు కోసం తడిమింది. దొరకలేదు. లేచి కూర్చుని, మామ్మ చేతిలో వేలాడుతున్న ముక్కను చూసింది. ముఖం ఎర్రబడింది. రెండు చేతులూ చాచి, ఇల్లు అదిరేలా అరిచింది.

"నాది!"

కోడలి చేతిలో కత్తెర ఆగిపోయింది. ఎన్నో వారాల తర్వాత ఆ పిల్ల నోట విన్న మొదటి మాట అది. అది ఇంకా ఉంది, పోలేదు. కోడలు ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా పిల్లవైపు చెయ్యి చాచబోయింది.

"ఆగకు అమ్మాయ్, కొయ్యి" అంది బిగువమ్మ, అంచును ఇంకా బిగించి పట్టుకుంటూ. "ఏడవనీ. తిట్టనీ నన్ను. ఆ నోట ఇంకెన్ని మాటలున్నాయో విందాం."

ఆఖరి పూస గుడ్డలో పడేదాకా చిట్టి ఏడుస్తూనే ఉంది. బిగువమ్మ ఆ గుడ్డను మూటకట్టి వాకిట్లో పెట్టి, కొళాయి దగ్గర కూర్చుని సబ్బుతో చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. నోరు పుక్కిలించింది. తర్వాత లోపలికి వచ్చి, ఎవరూ అడగకుండానే కోడలికి గోళ్ళు చూపించింది. కోడలు పిల్లను ఎత్తి ఆమె ఒడిలో పెట్టింది.